లిమిట్లు మార్చని లెక్క

సిద్దిపేట,
4 నవంబరు 2024.

భూపతికి,

ఆశీస్సులు రాయాల్సిన జాగలో ఒక పేజీ నంబరు రాస్తున్నాను: 212.

మొన్న చిన్నకోడూరు బస్సు దిగి ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు సింధూజ అట. చేతిలో నీ గైడు. "సార్, గీ లెక్కకు ఆన్సర్ గిదేనా? మా కాలేజ్‌ల సారేమో గైడుల ఉన్నదే రాయుమంటుండు" అన్నది. కళ్లజోడు పెట్టుకుని చూశాను. x ను e^(x²) తో గుణించి, సున్నా నుంచి రెండు దాకా సమాకలనం చెయ్యాలి. ఘాతాంక ప్రమేయాల్లో ఇంతకంటే పసి లెక్క లేదు. x² ను t అనుకోవాలి. అప్పుడు x dx పోయి dt లో సగం వస్తుంది. అంతవరకు బాగానే రాశావు. కాని x రెండు దాకా నడిస్తే t నాలుగు దాకా నడవాలి కదా? నువ్వు లిమిటు మార్చకుండా t ని కూడా రెండు దగ్గరే నిలబెట్టేశావు. పేరు మార్చావు, ఊరు మార్చలేదు. e⁴ రావాల్సిన చోట e² వచ్చింది. జవాబు దాదాపు ఇరవై ఏడు. నీ గైడు మూడు చిల్లరతో సరిపెట్టింది.

ఆ అమ్మాయి నోట్‌బుక్‌లోనే సరైన జవాబు చేసి ఇచ్చాను. కింద నీ గురించి ఒక మాట రాయబోయి, ఆడపిల్ల చదువుతుందని ఆగాను.

పదకొండో ముద్రణ అని అట్ట మీద వేసుకున్నావు. పదకొండు సార్లు అచ్చయిన పేజీని రాసినవాడూ చదవలేదు, కొన్నవాడూ చదవలేదు, క్లాసులో చెప్పేవాడూ చదవలేదు. కోళ్ల ఫారాల్లాంటి కాలేజీల్లో చేరితే ఏమవుతావో, నువ్వు సర్కారు కొలువు వదిలి పోయిన రోజే చెప్పాను. అప్పుడు నవ్వావు.

ఇంకో సంగతి. మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున బాలనర్సయ్య నా సమాకలనం నోట్సు పుస్తకంగా వేస్తున్నాడు. ఫిబ్రవరిలో కాలేజీలోనే ఆవిష్కరణ. "ముప్పై ఒక్క ఏళ్లలో బోర్డు మీద ఒక్క తప్పు లేదు" అని అట్ట మీద వేస్తానన్నాడు. వద్దనలేదు. నిజమే కాబట్టి. ఆ పుస్తకానికి ముందుమాట నీతో రాయిస్తానన్నాడు. లిమిట్లు మార్చడం రానివాడి ముందుమాట నాకు అక్కర్లేదు. ముందు 212వ పేజీ తప్పని ఒప్పుకుంటూ, నీ గైడు వాడే ప్రతి కాలేజీకి సంతకం పెట్టి కాగితం పంపు.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నువ్వు "సార్, సార్" అని నవ్వి తప్పించుకుంటావు. కాగితం మీద రాయి.

నరహరి


హనుమకొండ,
14 నవంబరు 2024.

పూజ్యులు నరహరి సార్‌కు,

పాదాభివందనాలు.

పాతికేళ్ల తర్వాత మీ దస్తూరి చూశాను. తిట్లే అయినా సంతోషమనిపించింది. ఎడమ చేతి వైపు అంగుళం మార్జిన్, తారీఖు కింద గీత, ఏదీ మారలేదు.

212వ పేజీ చూశాను. తప్పే. డీటీపీ చేసే అబ్బాయి ఎక్కడో పొరపాటు పడ్డాడు, ప్రూఫులో నా కంటికి చిక్కలేదు. వచ్చే ముద్రణలో దిద్దిస్తాను. కాలేజీలన్నిటికీ కాగితాలు పంపడమంటే మరీ పెద్దదవుతుంది సార్. ఒక అచ్చుతప్పుకు అంత అవసరమా?

ముందుమాట నాలుగు పేజీలు రాసి ఈ కవరులోనే పెట్టాను. మీరు చాక్‌పీసును సగానికి విరిచి రెండో సగాన్ని జేబులో వేసుకోవడం దగ్గర మొదలుపెట్టాను. అది చదివాక మీ కోపం తగ్గుతుందని ఆశ.

మీ శిష్యుడు,
భూపతి


సిద్దిపేట,
20 నవంబరు 2024.

భూపతికి,

అచ్చుతప్పు ఒక అక్షరాన్ని మింగుతుంది, లేదా ఒక అంకెను తలకిందులు చేస్తుంది. నీ పేజీలో వరుసగా మూడు వరుసలు ఒకే తప్పును మోసుకుంటూ బుద్ధిగా కిందికి దిగాయి. డీటీపీ చేసేవాడికి సమాకలనం వచ్చా? వస్తే వాడినే ముందుమాట రాయమను.

నీకు లెక్క రాలేదు, జ్ఞాపకమూ పోయింది. నా బోర్డుకు ఎడమ మూల ఉండేది. ప్రతిక్షేపణ మొదలుపెట్టగానే అక్కడ చిన్న డబ్బా గీసి, x ఇంత అయితే t ఇంత అని పైదీ కిందిదీ రాసిన తర్వాతే కుడివైపు అడుగు వేసేవాణ్ణి. ఇప్పటికీ బజార్లో ఎవడో ఒకడు ఆపి, "సార్, మీ ఎడమ మూల వల్లనే ఎంసెట్ దాటిన" అంటాడు. ఆ మూల చూస్తూ పెరిగినవాడు ఈ తప్పు చెయ్యలేడు. చేశాడంటే నా క్లాసులో కూర్చుని కిటికీలోంచి బయటికి చూసి ఉండాలి.

చాక్‌పీసు కథలు నాకు వద్దు. నేను పోయాక సంతాప సభలో చెప్పుకో. నెలాఖరులోగా కాలేజీలకు కాగితం పంపకపోతే ఇంటర్ బోర్డుకు నేనే రాస్తాను. బాలనర్సయ్యకు కూడా చెప్పాను, ముందుమాట వేరేవాడితో రాయించుకొమ్మని.

నరహరి


హనుమకొండ,
2 డిసెంబరు 2024.

నరహరి సార్‌కు,

నమస్కారం.

మీ ఉత్తరం చదివాక అటక మీది ట్రంకు దింపించాను. నా ఇంటర్ నోట్సు ఇంకా ఉంది. ఆ అధ్యాయం గైడులోకి దానిలోంచే ఎత్తి రాశాను. మీరు చెప్పి రాయించిన పేజీని మళ్లీ చేసి చూసుకోవాలని నాకు ఏనాడూ తోచలేదు. సార్ చెప్పింది దించుకోవడమే కదా మన దగ్గర చదువు.

పేజీ మీద తారీఖు 11 డిసెంబరు 1986. సున్నా నుంచి రెండు దాకా. మీరు చెప్పినట్టే దించుకున్నాను. 212వ పేజీలో ఉన్నదే అక్కడా ఉంది.

ఎడమ మూల నాకు గుర్తు లేదన్నారు. నిజమే. మా నోట్సులో ఎక్కడా ఆ డబ్బా లేదు. మా తర్వాతి బ్యాచ్ అబ్బాయి దగ్గర తెప్పించి చూశాను. అతని నోట్సులో మొదటి లెక్క నుంచీ ఉంది. 1987 నుంచి.

మీరు మరిచిపోయి ఉంటే ఆ రోజు ఏం జరిగిందో చెప్తాను. ఏటా మీరు ఈ లెక్కను సున్నా నుంచి ఒకటి దాకా చేసేవారు. ఒకటి స్క్వేర్ ఒకటే. x ఒకటి దగ్గర ఆగితే t కూడా ఒకటి దగ్గరే ఆగుతుంది. లిమిట్లు మార్చినా మార్చకపోయినా జవాబు ఒకటే కాబట్టి మార్చాలన్న మాట మీ నోట రాలేదు. ఆ రోజు తనిఖీకి వచ్చిన పెద్దమనిషి వెనక బెంచీలో కూర్చున్నాడు. పుస్తకంలో ఉన్నదే చేస్తున్నారని అనుకుంటాడేమోనని, మీరు పైన ఉన్న ఒకటిని చేత్తో తుడిచి రెండు వేశారు. మిగతాదంతా అలవాటు ప్రకారం నడిపించారు.

చిన్నకోడూరు నుంచి వచ్చే ఇశ్రాయేలు లేచాడు. "సార్, x రెండయితే t నాలుగైతది గద సార్" అన్నాడు. మీరు కూర్చోమన్నారు. వాడు కూర్చోలేదు. "రెండు కాడ గీత నూరు దాటి లేస్తది సార్. గంత ఎత్తు గీత కింద జాగ మూడేనా?" అన్నాడు. "నాకు నేర్పొచ్చినవార నువ్వు? బయటికి నడువ్" అన్నారు మీరు. ఆ అధ్యాయం అయిపోయేదాకా వాడు వరండాలో కిటికీ పక్కన నిలబడి నోట్సు రాసుకున్నాడు.

కాలేజీలకు కాగితం పంపమన్నారు. పంపుతాను సార్. తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అందులో రాయాలా? ముందుమాటలో రాయాలా? మీరే చెప్పండి.

భూపతి


సిద్దిపేట,
6 డిసెంబరు 2024.

భూపతి,

నీ తప్పును మొయ్యడానికి ఒక ముసలి మెడ వెతుక్కున్నావు. బాగుంది.

ఇశ్రాయేలు అనే పేరు నాకు గుర్తు లేదు. ముప్పై ఒక్క ఏళ్లలో నా ముందు నాలుగు వేల మంది కూర్చున్నారు. వరండాలో నిలబడ్డవాళ్లూ చాలామందే. బోర్డు మీద నాలుగు వేస్తే నువ్వు రెండు దించుకుని ఉంటావు. పదిహేడేళ్ల కుర్రవాడి నోట్సు సాక్ష్యమా? నా జవాబు తప్పే అయితే ఆ రోజు నిన్ను లేపి అడిగితే "మీరు చేసిందే కరెక్ట్ సార్" అని ఎందుకన్నావు? అప్పుడు లేని నోరు ఇప్పుడు ఎక్కడి నుంచి వచ్చింది?

నా చేత్తో రాసింది ఏదైనా ఉంటే చూపించు. లేదంటే నోరు మూసుకో. పుస్తకం అట్ట ప్రెస్సుకు పోయింది. ఆ వాక్యం అలాగే ఉంటుంది.

నరహరి


హనుమకొండ,
15 డిసెంబరు 2024.

సార్,

నేను లేచి నిలబడిన సంగతి నా ఉత్తరంలో లేదు. సిగ్గుపడి రాయలేదు. మీరు నన్ను లేపిన సంగతి, నేను అన్న మాట, రెండూ మీకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. ఇశ్రాయేలు పేరు ఒక్కటే గుర్తు లేదు.

అవును, అన్నాను. వాడు చెప్పిందే సరైనదని కూర్చున్నచోటే తెలిసింది నాకు. తెలిసీ నోట్సులో దిద్దుకోలేదు, తర్వాత మరిచే పోయాను. మా బాపు సర్పంచ్. నేను కాదంటే మీరు నన్ను వరండాలోకి పంపేవారు కాదు. అదీ తెలుసు. అయినా అనలేదు. మీకు నచ్చిన పిల్లవాడినన్న పేరు పోతుందని.

మీ చేత్తో రాసింది చూపించమన్నారు. రెండు ఫొటోలు తీయించి ఈ కవరులో పెట్టాను.

మొదటిది, ఆ మరుసటి వారం మీరు పెట్టిన స్లిప్ టెస్టులో ఇశ్రాయేలు పేపరు. అదే లెక్క ఇచ్చారు. వాడు లిమిట్లు మార్చి, e⁴ నుంచి ఒకటి తీసేసి సగం చేశాడు. దాని మీద ఐదు మార్కులకు ఎర్ర సిరాతో సున్నా. పక్కన "అతి తెలివి" అని మీ అక్షరాలు.

రెండోది, పోయిన నెల సింధూజ నోట్‌బుక్‌లో మీరు చేసి ఇచ్చిన లెక్క. అదే జవాబు. అదే చెయ్యి.

సింధూజ ఇశ్రాయేలు చిన్న కూతురు. నా గైడులో ఆ పేజీ చూసి వాడు "నరహరి సార్ దగ్గరికి పోయి అడుగు బిడ్డా, ఏం చెప్తడో రాయించుకొనిరా" అని బస్సు ఎక్కించాడట. నేను పోయిన ఆదివారం వాడిని వెతుక్కుంటూ సిద్దిపేటకు వచ్చాను. మీ ఇంటి ముందు నుంచే పోయాను. లోపలికి రాలేదు.

పాత బస్టాండు వెనక మోటార్ వైండింగ్ షాపు వాడిది. మీ బోరు మోటారు రెండుసార్లు చుట్టాడట. మీరు గుర్తుపట్టలేదట, వాడు చెప్పలేదట.

ఒకటి వాడు చెప్పేదాకా నాకూ తెలియదు. మీరు మా క్లాస్ ఇన్‌చార్జి. ఇంటర్ అయ్యాక వాడి కాండక్ట్ సర్టిఫికెట్‌లో "ప్రవర్తన సంతృప్తికరం కాదు" అని రాయించారు. బీఎస్సీ లెక్కల్లో సీటొచ్చింది. ఆ కాగితం చూసి హాస్టల్లో జాగ ఇవ్వలేదు. హైదరాబాదులో ఉండడానికి వేరే దారి లేక వెనక్కి వచ్చాడు. ఆ ఎండాకాలమే వైండింగ్ పనిలో చేరాడు. మార్కుల్లో నాకంటే ముందున్నవాడు సార్.

నేను కాలేజీలకు కాగితం పంపాను. తప్పు నాదని మాత్రమే రాశాను. మీ సంగతి మీరే చూసుకోండి.

భూపతి


సిద్దిపేట,
19 జనవరి 2025.

భూపతి,

నెల రోజులు జవాబు రాకపోతే గెలిచావనుకుని ఉంటావు. గెలవలేదు. మీ బాపు పేరు చెప్పి నీ పిరికితనానికి కారణం చూపించడం నాకు నచ్చలేదు. కారణాలు చూపించడంలో నీకంటే నేనే ఎక్కువ చదువుకున్నాను. ఇంట్లో మూడు అల్మారాల పుస్తకాలున్నాయి. ఈ నెలంతా వాటి ముందు కూర్చున్నాను. ఒక్కటీ పనికిరాలేదు.

ఆ రోజు సాయంత్రమే నాకు తెలిసింది. తనిఖీకి వచ్చినాయన గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని మెచ్చుకున్నాడు. ఆయన కూడా చూసుకోలేదు. ఇంటికి వచ్చి చాయ్ గ్లాసు పట్టుకుంటే వాడి మాటే చెవిలో ఉంది. రెండు కాడ గీత నూరు దాటుతుంది. లోపల లెక్క వేసుకున్నాను. చాయ్ తాగలేదు. పొద్దున క్లాసుకు పోయేసరికి వాడు నేను చెప్పకుండానే వరండాలో నిలబడి ఉన్నాడు. లోపలికి రా అంటే చాలు. అనలేదు. అంటే ఎందుకో చెప్పాలి. స్లిప్ టెస్టులో ఆ లెక్కే ఎందుకు ఇచ్చానో తెలుసా? వాడు నా జవాబు రాస్తాడని. రాస్తే ఇద్దరం తప్పు అవుతాం, గొడవ పోతుంది. వాడు రాయలేదు. సున్నా వేసేటప్పుడు అది సరైన జవాబని నాకు తెలుసు. సర్టిఫికెట్ మాట రాయించేటప్పుడూ తెలుసు. వాడు కాలేజీలో కనిపించకుండా పోతే చాలనుకున్నాను.

మరుసటి ఏడు ఎడమ మూల గీశాను. లోకం దాన్ని నా తెలివి అన్నది.

పోయిన మంగళవారం షాపుకు పోయాను. జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని పోయాను, నవ్వుకో. కింద కూర్చుని రాగి తీగ చుడుతున్నాడు. నన్ను చూసి లేవలేదు. ముందున్న స్టూలు కాలితో జరిపాడు.

"కూసోండ్రి సార్. మోటార్ మల్ల కాలిందా?"

"మోటారు కోసం రాలేదు. ఆ పేపరు ఇవ్వు, మార్కులు దిద్దుతాను."

తీగ చుట్టడం ఆపలేదు. "గా కాయితం మీద చెయ్యి పెట్టకుండ్రి సార్. గది నాది."

"సర్టిఫికెట్ గురించి..."

"గా ముచ్చట తియ్యకుండ్రి. తీస్తె నాకు కోపమొస్తది. కోపమొస్తె తీగ తెగుతది."

సింధూజ ఒక మూల కూర్చుని చదువుకుంటోంది. నన్ను చూసి తల వంచుకుంది. ఇక లేచి వచ్చేద్దామనుకుంటుంటే, తీగ వచ్చిన అట్టపెట్టె మూత ఒకటి, మోటార్ల మీద నంబర్లు వేసే మార్కరు నా ఒళ్లో పెట్టాడు.

"మీకు లెక్కిస్త సార్. చెయ్యుండ్రి. ఒకటి నుంచి రెండు దాక. e పైన ఒకటి బై x. కింద x స్క్వేర్."

"నాకు పరీక్షా?"

"మీరు నాకు పెట్టలే?"

పెట్టాను కదా. చేశాను. ఒకటి బై x ను t అన్నాను. ఎడమ మూలన డబ్బా గీశాను. x ఒకటయితే t ఒకటి. x రెండయితే t సగం. రెండుసార్లు సరిచూసుకున్నాను. లిమిట్లు తప్పలేదు. జవాబు రాసి ఇచ్చాను. √e లోంచి e తీసెయ్యాలి.

అట్టను దూరంగా పట్టుకుని చూశాడు. వాడికీ చత్వారం వచ్చింది.

"సార్, గీత మొత్తం పైననే ఉన్నది గద. దాని కింద జాగ మైనస్ ఎట్లయితది?"

ముప్పై ఎనిమిదేళ్ల కింద అడిగిన ప్రశ్నే. అప్పుడు చూశాను. ఒకటి బై x కు dt రాసేటప్పుడు మైనస్ రావాలి. నేను లిమిట్ల మీదే కళ్లు పెట్టి ఆ గుర్తును వదిలేశాను. e లోంచి √e తీసెయ్యాలి. తలకిందులు చేశాను. ఆ పిల్ల ముందర.

నా జేబులోంచి ఎర్ర పెన్ను తనే తీసుకున్నాడు. డబ్బా చుట్టూ ఒకసారి పెన్ను తిప్పాడు. మైనస్ ఉండాల్సిన చోట చిన్న గీత పెట్టాడు. కింద ఐదుకు నాలుగు వేశాడు.

"జవాబు తప్పు. సున్నా వెయ్యి" అన్నాను.

"పద్ధతి కరెక్టే ఉన్నది సార్. నేను సున్నా ఎయ్య" అని మళ్లీ తీగ అందుకున్నాడు.

చాయ్ ఇవ్వలేదు. మళ్లీ రమ్మనలేదు. ఆవిష్కరణకు రమ్మని అడిగితే, "ఎండాకాలమొస్తుంది సార్, అందరి మోటార్లు గీడనే ఉన్నయ్" అన్నాడు. ఆ అట్ట మాత్రం నాకే ఇచ్చాడు. పెన్ను కూడా.

బాలనర్సయ్య ఇంటికి పోయి ఆ వాక్యం తీసెయ్యమన్నాను. పుస్తకాలు అచ్చయి వచ్చేశాయట. "మూడు వందల కాపీలు సార్. ఒక్క లైనే గద, పోనియ్యుండ్రి, ఎవలు సూస్తరు?" అన్నాడు. మూటలు మొత్తం మా ఇంటికి పంపమన్నాను. పంపాడు.

రోజూ పొద్దున కూర్చుని ఒక్కో అట్ట మీద ఆ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేస్తున్నాను. పేజీ తిప్పి, ఆ లెక్క పక్కన "1986లో బోర్డు మీద నేను చేసింది తప్పు, ఇశ్రాయేలు చెప్పిందే ఒప్పు" అని రాసి సంతకం పెడుతున్నాను. ఇప్పటికి నూట నలభై అయ్యాయి. వేళ్లు పట్టేస్తున్నాయి. ఆవిష్కరణ లోపల అయిపోతాయి.

నీ ముందుమాట చింపేశాను. చాక్‌పీసు గురించి రాసింది నిజమే, కాని పనికిరాదు. నువ్వు పంపిన కాగితమూ చాలదు. పదకొండు ముద్రణలు. వాటిని ఎవరి ఇంటికి పోయి దిద్దుతావో నాకు తెలియదు. నావి మూడు వందలే.

నరహరి